పాల సెంటరు సాఫ్ట్‌వేరు: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

పాల సెంటర్లో పాత మిషను తీసేసి కొత్త యాప్ పెట్టాలనుకునేవాళ్లు ముందు ఆ మిషను పక్కన ఒక పొద్దుటిపూట, ఒక సాయంత్రంపూట ఊరికే నిలబడి చూడాలి. ల్యాప్‌టాప్ తెరవొద్దు, ఎవరినీ ఏమీ అడగొద్దు. పలమనేరు వైపు పోయినా, బంగారుపాళ్యం వైపు పోయినా కనిపించేది దాదాపు ఒకటే. క్యాను వస్తుంది. సెంటరు నడిపే సెక్రటరీ నంబరు కొడతాడు. పాలు కాటా మీదికి పోతాయి. శాంపిలును అనలైజరు (పాలలో కొవ్వు కొలిచే మిషను) కింద పెడతారు. చీటీ చేతికొస్తుంది, వెనకాల మనిషి ముందుకు జరుగుతాడు. ఇంతసేపట్లో సెక్రటరీ తెర వైపు చూసేది చాలా తక్కువ. ఆయన చూపంతా క్యాను మీద, కాటా మీద, వచ్చిన మనిషి మీద ఉంటుంది. వేళ్లు మాత్రం అంకెల మీద వాటంతటవే నడుస్తుంటాయి.

ఆ పాత పెట్టె చూడ్డానికి బాగుండదు. నాలుగు వరసల చిన్న తెర, అంకెల మీటలు, కాటాకూ అనలైజరుకూ పోయే రెండు ఆర్ఎస్-232 (పాతకాలపు సీరియల్) కేబుళ్లు, పక్కన చిన్న ప్రింటరు. పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో సగానికి తెగిపోయి ఉంటాయి. అయినా ఒక మనిషి పాలు పోసి పోవడానికి అది అడిగేది నాలుగైదు నొక్కులే. దాని స్థానంలో వచ్చే యాప్ ఎంత అందంగా ఉన్నా, తొమ్మిది నొక్కులు అడిగిందంటే క్యూలో ఉన్నవాళ్లకు అది వెనకడుగే.

నేను పట్టుకునే సూత్రం ఇది. పాలు పోసేవాళ్ల కంటికీ సెక్రటరీ వేలికీ అలవాటైనవి వాళ్ల సొత్తు. నంబరు, చీటీ మీద అంకెల వరస, పాల నాణ్యతను బట్టి ధర చెప్పే రేటు చార్టు, మీటల క్రమం, వీటిని మార్చే హక్కు డిజైనరుకు సులువుగా రాదు. వాళ్లిద్దరూ ఎప్పుడూ చూడని లోపలి భాగాన్నీ, క్యూ నిజంగా ఆగిపోయే చోటునూ మాత్రం ధైర్యంగా మార్చొచ్చు. కొత్తదనం ఖర్చు పెట్టాల్సింది అక్కడే.

ముందు నంబరు సంగతి. 47వ నంబరు అంటే ఒక మనిషి అని డేటాబేసు రాసేవాళ్లు అనుకుంటారు. సెంటర్లో అది ఒక ఇంటి ఖాతా. నాయన పేరు మీదున్న నంబరుకు కొడుకు పోస్తాడు, కోడలు పోస్తుంది, ఊరికి పోతే పక్కింటివాళ్లు పోస్తారు. ఎవరైనా ఆవుల్ని అమ్మేసి మానుకుంటే కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి ఇస్తారు. కాబట్టి లోపల ప్రతి ఖాతాకూ వేరే గుర్తింపు పెట్టుకోండి, ఈ నంబరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆ ఖాతాది అన్నది విడిగా దాచండి. తెర మీద, చీటీ మీద మాత్రం పాత 47 అలాగే ఉండాలి. దాన్ని పదంకెల సభ్యత్వ సంఖ్యగా మారిస్తే సెక్రటరీ గోడకు ఒక కాగితం అంటించి పాత నంబరుకు కొత్త నంబరు వెతుక్కుంటూ కూర్చుంటాడు.

రెండో ఉచ్చు ఇంకా లోతుగా ఉంటుంది. తేదీ, పూట, నంబరు, ఈ మూడూ కలిస్తే ఒకే ఎంట్రీ ఉండాలని నియమం పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఒకే ఇంట్లో ఆవు పాలు వేరే, గేదె పాలు వేరే పోస్తారు. ఆవు పాలే రెండు క్యాన్లలో రెండుసార్లు తెచ్చేవాళ్లూ ఉంటారు. రెండోసారి కొట్టినప్పుడు యాప్ అడ్డం పడకుండా, మొదటి ఎంట్రీని పైన చూపించి ‘ఇంకో క్యానా?’ అని ఒక్క మాట అడిగితే చాలు. ఎంటర్ కొడితే ముందుకు పోవాలి. ఫ్యాట్ (కొవ్వు శాతం) హద్దులకూ ఇదే వర్తిస్తుంది. ఆవు అని కొట్టి ఫ్యాట్ 7.8 వస్తే అది గేదె పాలయ్యుండొచ్చు, శాంపిలు సరిగా కలపక పైమీగడ గ్లాసులోకి వచ్చుండొచ్చు. అడగడం సాఫ్ట్‌వేరు పని, తేల్చడం సెక్రటరీ పని.

మీటల దగ్గర టచ్ స్క్రీను మోజు వదులుకోవాలి. సెంటర్లో చేతులు పాలతోనో నీళ్లతోనో తడిగానే ఉంటాయి. ఫోన్లలో, టాబ్లెట్లలో ఉండే టచ్ తెర వేలి విద్యుత్ ప్రభావాన్ని పట్టుకుని పనిచేస్తుంది. తడి తగిలితే ఒక నొక్కు రెండవుతుంది, లేదా పక్క అంకె పడుతుంది. టాబ్లెట్ పెట్టండి, దానికి యూఎస్‌బీతో తగిలే అంకెల కీప్యాడు కూడా పెట్టండి. ఎంటర్ పెద్దదిగా ఉన్నది చూసుకోండి. ప్లస్ మీట ఆవుకు, మైనస్ మీట గేదెకు అని కేటాయించి, ఆ ఇల్లు కిందటిపూట పోసిన రకాన్ని ముందే ఎంచి ఉంచితే చాలామందికి నంబరు, ఎంటర్, ఎంటర్‌తో పని అయిపోతుంది. టచ్ తెరను నెలకోసారి చేసే పనులకు ఉంచండి: రేటు మార్చడం, కొత్త ఖాతా తెరవడం, బిల్లు చూడడం.

ఇక లెక్క. ఇందులో అందరూ తొందరపడతారు, ఇక్కడే నమ్మకం పోతుంది.

లాక్టోమీటరు వాడే చోట ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) కట్టే సూత్రం సాధారణంగా ఇలా ఉంటుంది: సీఎల్ఆర్‌ను (వేడిని బట్టి సరిచేసిన లాక్టోమీటరు రీడింగును) 4తో భాగించి, ఫ్యాట్‌ను 0.2తో గుణించి కలిపి, చివర ఒక స్థిరాంకం కలుపుతారు. ఆ స్థిరాంకం అన్నిచోట్లా ఒకటి ఉండదు. రిచ్‌మండ్ సూత్రంలో 0.14. 0.36 కలిపే డెయిరీలున్నాయి, ఇంకో అంకె కలిపేవీ ఉన్నాయి. సీఎల్ఆర్ 28.1, ఫ్యాట్ 4.09 అనుకోండి. 0.36 కలిపితే 8.203, 0.14 కలిపితే 7.98. ఆ రెండు అంకెల మధ్య చార్టులో రెండు మూడు గళ్ల తేడా.

స్థిరాంకం సరిగా పట్టుకున్నా ఇంకో మెలిక ఉంది. అనలైజరు ఫ్యాట్‌ను రెండు దశాంశాలకు ఇస్తుంది, చార్టు ఒక దశాంశానికే ఉంటుంది. 4.09ని పాత మిషను 4.1 చేస్తుందా, తోక కోసి 4.0 చేస్తుందా? ఎస్ఎన్ఎఫ్ కట్టేముందు కోస్తుందా, కట్టాక కోస్తుందా? ముందే కోస్తే పై లెక్క 8.185 అవుతుంది, మళ్లీ కోస్తే 8.1. కోయకుండా కట్టి చివర్లో కోస్తే 8.2. పాలు అవే, సూత్రం అదే, డబ్బు వేరు. దీని మీద బరువు నుంచి లీటర్లకు మార్చే 1.03 ఒకటుంది. 8.70 కిలోలు 8.447 లీటర్లు. అది 8.4 అని పడాలా, 8.45 అని పడాలా? రూపాయలను ప్రతి పూటకూ సవరిస్తారా (రౌండు చేస్తారా), పది రోజుల బిల్లు చివర్లో ఒకేసారా?

పాత మిషను సోర్సు కోడు దొరకదు, దొరుకుతుందని ఆశపడొద్దు. అది ఇచ్చిన మూడు నెలల డేటా దొరుకుతుంది, అది చాలు. పైన చెప్పిన ప్రశ్నలు ఒక్కొక్కదానికి రెండేసి జవాబులు పెట్టి, అన్ని కలయికలతోనూ ఆ డేటాను మళ్లీ కట్టించండి. ఒక కలయిక తప్ప మిగతావన్నీ ఎక్కడో ఒకచోట పైసల దగ్గర తప్పుతాయి. అన్ని ఎంట్రీలకూ సరిపోయినదే పాత నియమం. అది మీకు నచ్చకపోవచ్చు. అయినా మొదట దాన్నే అచ్చంగా దించండి. నియమం మార్చాలంటే అది డెయిరీ, రైతులు కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. సాఫ్ట్‌వేరు మార్పు చాటున అది జరిగిపోకూడదు.

కోడు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. దశాంశాలను ఫ్లోటుగా (కంప్యూటరు ఉజ్జాయింపుగా దాచే సంఖ్యగా) దాచకండి. డబ్బును పైసల్లో, బరువును గ్రాముల్లో, ఫ్యాట్‌నూ ఎస్ఎన్ఎఫ్‌నూ వందరెట్ల పూర్ణాంకాల్లో దాచండి. సవరణ మీరే రాసిన ఒక్క ఫంక్షనులో జరగాలి. లేకపోతే 8.25ని ఒక దశాంశానికి సవరించమంటే పైథాన్ రౌండు 8.2 ఇస్తుంది, జావాస్క్రిప్టు టుఫిక్స్‌డ్ 8.3 ఇస్తుంది. యాప్ ఒక భాషలో, సర్వరు ఒక భాషలో ఉంటే చీటీ మీద ఒక అంకె, బిల్లులో ఒక అంకె వస్తాయి. ఆ ఒక్క తేడా సెంటరు ముందు గొడవకు చాలు.

రేటు చార్టును సూత్రంగా మార్చాలన్న ఆశ కూడా అణచుకోండి. ఫ్యాట్ 3.0 నుంచి 10.0 దాకా, ఎస్ఎన్ఎఫ్ 7.5 నుంచి 9.5 దాకా 0.1 చొప్పున తీసుకుంటే 71 వరసలు, 21 నిలువులు, మొత్తం 1,491 గళ్లు. కంప్యూటరుకు అదొక లెక్కే కాదు. ఉన్నది ఉన్నట్టు పట్టికగానే దాచండి, ఎందుకంటే కొన్ని గళ్లలో ఎవరో కావాలని పెట్టిన మెట్లు ఉంటాయి. ఎస్ఎన్ఎఫ్ ఒక హద్దు కిందికి దిగగానే రేటు గబుక్కున పడిపోయే చోట సూత్రం ఆ మెట్టును నున్నగా చెరిపేస్తుంది. చార్టు ఎక్కించేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి: ఫ్యాట్ పెరిగేకొద్దీ రేటు ఎక్కడైనా తగ్గిందా? తగ్గితే టైపు చేసినవాళ్లు అంకె తప్పేశారని దాదాపు ఖాయం. ప్రతి చార్టుకూ ఏ తేదీ, ఏ పూట నుంచి అమలో రాసి ఉండాలి, పాత చార్టును ఎప్పుడూ చెరపకూడదు. కిందటి నెల చీటీ పట్టుకుని ఎవరైనా వస్తే అప్పటి చార్టుతోనే లెక్క తిరిగి చూపించగలగాలి.

ఇప్పుడు క్యూ ఎక్కడ ఆగుతోందో చూద్దాం. నంబరు కొట్టడం దగ్గర కాదు. అనలైజరు దగ్గర. పాలు పోసి తూచడానికి 20 సెకన్లు, శాంపిలు చూడ్డానికి 50 సెకన్లు పట్టిందనుకోండి. ఒకరిది పూర్తయ్యాకే ఇంకొకరిది మొదలుపెడితే వందమందికి 7,000 సెకన్లు, అంటే రెండు గంటలకు కొంచెం తక్కువ. పాత పెట్టె కట్టిపడేసిన క్రమం ఇది. ఒక శాంపిలు అనలైజరులో ఉండగానే తరవాతివాళ్ల పాలు తూచే వీలిస్తే వందమందికి 5,020 సెకన్లు, అంటే 84 నిమిషాలు. అరగంటకు పైగా మిగులుతుంది. పిల్లల్ని బడికి పంపాల్సినవాళ్లకు, కూలికి పోవాల్సినవాళ్లకు ఆ అరగంట విలువ ఎంతో చెప్పక్కర్లేదు. యాప్‌లో ఎన్ని గ్రాఫులు పెట్టినా ఇంత మేలు జరగదు.

దీనికో ప్రమాదం ఉంది, దాన్ని డిజైనులోనే ఆపాలి. ఇద్దరివి ఒకేసారి నడుస్తుంటే ఒకరి ఫ్యాట్ ఇంకొకరి ఖాతాలో పడొచ్చు. అందుకే తెరను రెండు సగాలు చేయండి. ఎడమ సగం కాటా, కుడి సగం అనలైజరు, ఒక్కోదాంట్లో నంబరు అరచేయంత పెద్దగా. తూచడం అయ్యాక ఆ నంబరు ఎడమ నుంచి కుడికి జరగడం కంటికి కనబడాలి. శాంపిలు గ్లాసులు రెండు రంగుల్లో ఉంచి, తెర మీద ఆ సగానికి అదే రంగు వేయండి. ముగ్గురివి ఒకేసారి నడిపించే వీలు మాత్రం ఇవ్వొద్దు. రెండు దాటితే మనిషి తలలో లెక్క తప్పుతుంది. అనలైజరు గాలి బుడగల వల్ల తప్పు చూపించినప్పుడు కుడి సగం అక్కడే ఆగాలి, ఎడమ సగం కూడా దానితోపాటు ఆగాలి. అప్పుడే పిండి తెచ్చిన పాలల్లో నురగ ఎక్కువ, ఇది తరచూ జరిగేదే. శాంపిలును నెమ్మదిగా ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి వంచి, నురగ తేరుకున్నాక మళ్లీ పెట్టమని తెలుగులో ఒక్క వాక్యం చూపిస్తే చాలు. ‘ఎర్రర్ 03’ అని చూపించడం ఎవరికీ ఉపయోగపడదు.

కేబుళ్లు, కరెంటు గురించి తొందరగా చెప్తాను. కాటా బరువును సెకనుకు చాలాసార్లు పంపుతూనే ఉంటుంది, వచ్చిన మొదటి అంకెను పట్టుకుంటే పాలు ఇంకా పడుతుండగానే బరువు నమోదైపోతుంది. వరసగా ఐదారు రీడింగులు ఒకటే వచ్చాక మాత్రమే తీసుకోండి. కంప్యూటరు అయితే యూఎస్‌బీ కేబులును వేరే రంధ్రంలో పెట్టగానే పోర్టు నంబరు మారిపోతుంది. పోర్టు నంబరును సెట్టింగులో రాసుకోకుండా, వచ్చే డేటా తీరును బట్టి ఏది కాటా, ఏది అనలైజరు అని యాపే కనిపెట్టాలి. ఆండ్రాయిడ్‌లో కేబులు ఊడి మళ్లీ తగిలిన ప్రతిసారీ అనుమతి అడుగుతుంది. ఆ పరికరాన్ని మ్యానిఫెస్టులో (యాప్ తన వివరాలు చెప్పుకునే ఫైల్లో) ముందే ప్రకటిస్తే ఒకసారి ఒప్పుకున్నది నిలబడుతుంది. టాబ్లెట్లోనే ఉండే డేటాబేసు ఎస్‌క్యూలైట్‌ను వాల్ పద్ధతిలో (మార్పులను ముందు విడి ఫైల్లో రాసే పద్ధతిలో) నడిపేటప్పుడు సింక్రనస్ అనే సెట్టింగును నార్మల్‌లో ఉంచితే కరెంటు పోయినప్పుడు డేటాబేసు పాడవదు గానీ చివరి ఎంట్రీలు పోవచ్చు. ఇక్కడ ఫుల్‌లోనే ఉంచండి. చీటీ అచ్చయిందంటే ఆ ఎంట్రీ డిస్కులో ఉన్నట్టే అన్న నియమం తప్పకూడదు. సిగ్నలు లేకపోయినా సెంటరు పని ఒక్క క్షణం ఆగకూడదు. సర్వరుకు పంపే ప్రతి ఎంట్రీకీ టాబ్లెట్లోనే పుట్టిన విడి గుర్తు ఉంటే, నెట్‌వర్కు తడబడి రెండుసార్లు పంపినా ఒకటిగానే పడుతుంది.

తెలుగు పేర్ల పని కంప్యూటరుకు వదిలేయకండి. పాత డేటాలో ‘ఆర్ఏఎంఏఎన్ఏ’ అనే ఆరు ఇంగ్లీషు అక్షరాలు రమణ కావచ్చు, రామన్న కావచ్చు, తెర మీద చోటు చాలక తెగిన రమణమ్మ కావచ్చు. లిప్యంతరీకరణతో ఒక ముసాయిదా తయారుచేసి, సెక్రటరీ చేత ఒక పూటలో ఇరవై పేర్ల చొప్పున సరిచేయించండి, ఆ మనిషి ఎదురుగా ఉన్నప్పుడే. 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటరుకు అడ్డంగా 384 చుక్కలుంటాయి, ఇంగ్లీషయితే వరసకు 32 అక్షరాలు. తెలుగు అక్షరాలు దాని లోపలి ఫాంటులో ఉండవు, బొమ్మగా గీసి పంపాలి, అది నెమ్మది. అందుకని పేరును మాత్రం బొమ్మగా పంపి అంకెలను ప్రింటరు ఫాంటులోనే వదలండి. వరస పాత చీటీదే ఉండాలి: ముందు లీటర్లు, తరవాత ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్, రేటు, రూపాయలు. చదువు రాని పెద్దవాళ్లు కూడా మూడో వరసలో ఉండేది ఏమిటో పోల్చుకుంటారు. థర్మల్ కాగితం ఎండకూ వేడికీ వెలిసిపోతుంది కాబట్టి పాస్‌బుక్ రాయడం ఆపించొద్దు.

ఎస్ఎంఎస్ పంపాలంటే తెలుగులో ఒక్కో సందేశానికి 70 కోడ్‌లే పడతాయి, ఇంగ్లీషులో పట్టే 160 కాదు. పైగా గుణింతపు గుర్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. ‘ఫ్యాట్’ కంటికి రెండక్షరాలు, లెక్కలో ఆరు. ‘12-06 ఉదయం నం.47 8.4లీ ఫ్యాట్4.1 ఎస్ఎన్ఎఫ్8.3 రూ.302.40’ అంటే 55 కోడ్‌లు, ఒక్క సందేశంలో పడుతుంది. దీనికి ముందు డెయిరీ పేరు, నమస్కారం తగిలిస్తే రెండు సందేశాల ఖర్చు. వాక్యం మూసను టెలికాం కంపెనీల డీఎల్‌టీలో (సందేశాలను నమోదు చేసే వ్యవస్థలో) ముందే నమోదు చేయాలి కాబట్టి మాటలు తేల్చుకున్నాకే పంపండి. అంకెలను స్పీకరులో చదివించే ఆలోచన చాలామందికి వస్తుంది. నాకు అది నచ్చదు. ఒకరి ఫ్యాట్ క్యూ అంతటికీ వినిపించడం బాగుండదు. రైతు వైపు తిరిగిన పెద్ద అంకెల తెర పెడితే చాలు.

తప్పు దిద్దడం పాత మిషన్లలో ఎంట్రీని చెరిపి మళ్లీ కొట్టడమే. ఇది మార్చాల్సిన అలవాటు, నిస్సంకోచంగా మార్చండి. చీటీ అచ్చయ్యాక ఎంట్రీ చెరగకూడదు. 47 బదులు 74 కొడితే 74 మీద రద్దు ఎంట్రీ, 47 మీద కొత్త ఎంట్రీ, రెండింటికీ చీటీలు. సెక్రటరీకి మాత్రం ఇది ఒక్క మీటలా కనిపించాలి: ‘నంబరు తప్పు’, సరైన నంబరు, ఎంటర్. కారణం టైపు చేయమని అడగొద్దు. నాలుగు కారణాలు అంకెలతో ఎంచుకునేలా ఇవ్వండి.

మార్చే రోజు బిల్లు మొదలయ్యే రోజే కావాలి. పది రోజుల బిల్లయితే ఇరవై పూటలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి, డబ్బు పాతదాని ప్రకారమే ఇవ్వండి. ప్రతి పూట చివర తేడాలు చూడండి. నంబరు తప్పు కొట్టినవి, సవరణ నియమం తేడాలు, బరువు నిలబడక ముందే పట్టుకున్నవి అని విడదీస్తే ఏది ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది. సవరణ తేడా ఒక్కటి మిగిలినా మారొద్దు. సంక్రాంతి వారం, గంగ జాతర రోజులు వదిలేయండి, ఆ రోజుల్లో కుర్చీలో సెక్రటరీకి బదులు ఇంకెవరో కూర్చుంటారు. మారిన తరవాత కూడా పాత పెట్టెను ఇంకో బిల్లు దాకా కరెంటు పెట్టి ఉంచండి, ఈలోగా రేటు మారితే దాంట్లోనూ కొత్త చార్టు ఎక్కించండి. టాబ్లెట్ పడి పగిలిన పూట దాంట్లో పాత రేటు ఉందంటే ఆ పెట్టె అక్కడున్నా లేనట్టే. డెయిరీ ఆఫీసుకు పెన్‌డ్రైవులో పోయే ఫైలు రూపం, కాలమ్‌ల వరస, ఫైలు పేరు పద్ధతి కొత్త యాప్‌లోనూ అక్షరం మారకుండా రావాలి. అవతల ఆ ఫైలును తీసుకునే ప్రోగ్రామును మార్చడం వేరే పని, దానికి వేరే తేదీ పెట్టుకోండి.